వ్యాస ప్రచారం

వ్యాస ప్రచారం అనగా ఒక విషయంపై పాఠకులకు ఉపయోగపడే వ్యాసాలను రాసి, ఉచితంగా అందించి, తద్వారా ఆ రచయితకు, సంస్థకు, వృత్తికి లేదా ఊరికి గుర్తింపును, ఆదరణను సంపాదించే పద్ధతి. వ్యాపార పరిభాషలో దీనినే ఆర్టికల్ మార్కెటింగ్ అంటారు. ప్రకటన తన సరుకును కొనమని నేరుగా అడుగుతుంది. వ్యాసం అలా కాక, పాఠకునికి తెలియని విషయమేదో ముందుగా తెలియజేసి, ఆ తరువాతనే తన పేరు చెప్పుకుంటుంది. ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, వాట్సాప్ వంటి సామాజిక మాధ్యమాలు వ్యాపించిన తరువాత, ఆయా చోట్ల తమను అనుసరించేవారి సంఖ్యను, అంటే ఫాలోయర్లను, పెంచుకోవడానికి ఈ పద్ధతిని విరివిగా వాడుతున్నారు. మంచి వ్యాసానికీ ముసుగు వేసుకున్న ప్రకటనకూ మధ్య గల గీత చాలా సన్ననిది. అందువలన ఈ పద్ధతి వలన కలిగే మేలుతో పాటు కీడు కూడా చర్చనీయాంశమైంది.

పూర్వరంగం

ఈ పద్ధతి అంతర్జాలం కంటే చాలా పాతది. అమెరికాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే జాన్ డీర్ సంస్థ 1895లో ది ఫర్రో అనే పత్రికను ప్రారంభించి, రైతులకు సాగు విషయాలపై వ్యాసాలను అందించింది. ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిషెలిన్ సంస్థ 1900లో వాహనదారుల కొరకు ఒక మార్గదర్శిని వెలువరించింది. ఈ రెండింటిలోనూ పాఠకునికి ముందుగా దక్కినది ఉపయోగకరమైన సమాచారమే. సంస్థ పేరు దాని వెంట వచ్చింది.

తెలుగునాట పూర్వరూపాలు

తెలుగునాట పత్రికల చరిత్రలో వ్యాసాల ద్వారా పాఠక సమూహాన్ని కూడగట్టిన ఉదాహరణలు అనేకం ఉన్నాయి. అవి వ్యాపారం కొరకు చేసినవి కావు. అయినా, రాతతో మనుషులను ఒకచోట చేర్చడమనే సూత్రం రెండింటిలోనూ ఒకటే.

ఇనుగుర్తి: నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి గ్రామం నుండి ఒద్దిరాజు సోదరులుగా ప్రసిద్ధులైన సీతారామచంద్రరావు, రాఘవరంగారావులు 1922లో తెనుగు అనే వారపత్రికను ప్రారంభించారు. అప్పటి హైదరాబాదు రాజ్యంలో అధికార భాష ఉర్దూ. తెలుగు చదువుకు ఆదరణ తక్కువ. అటువంటి కాలంలో ఒక పల్లెటూరిలో ముద్రణాలయం పెట్టి పత్రిక నడపడం సాహసమే. అదే సంవత్సరం నల్లగొండ నుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను వెలువరించాడు.

గోలకొండ పత్రిక: సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926లో హైదరాబాదు నుండి గోలకొండ పత్రిక ప్రారంభమైంది. తెలంగాణలో కవులు లేరన్న వ్యాఖ్యకు సమాధానంగా ప్రతాపరెడ్డి కవుల వివరాలను, పద్యాలను సేకరించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రచురించాడు. వ్యాఖ్యను ఖండిస్తూ ఒక ఘాటైన సంపాదకీయం రాసి ఊరుకొని ఉంటే అది కొద్దికాలంలో మరుగున పడేది. ఆధారాలను పోగుచేసి ముందుంచడం వలన ఆ సంచిక నేటికీ నిలిచి ఉంది. వ్యాసంతో పేరు సంపాదించదలచినవారు గ్రహించవలసిన మొదటి పాఠం ఇదే.

అంతర్జాలంలో వ్యాస ప్రచారం

1990ల చివర, 2000లలో అంతర్జాలంలో వ్యాస భాండాగారాలు అనబడే స్థలాలు వెలిశాయి. 1999లో మొదలైన ఈజీన్ ఆర్టికల్స్ వాటిలో పేరుపొందినది. ఎవరైనా తమ వ్యాసాన్ని అక్కడ ఉచితంగా ఉంచవచ్చు. వ్యాసం చివర రచయిత పరిచయం, అతని స్థలానికి లంకె ఉంటాయి. ఇతరులు ఆ వ్యాసాన్ని పునర్ముద్రించుకొన్నప్పుడు ఆ పరిచయాన్ని తొలగించరాదు. ఈ విధంగా ఒక వ్యాసం పలుచోట్ల కనబడి, రచయిత పేరు వ్యాపించేది. అంతేగాక, లంకెలు ఎక్కువగా ఉన్న స్థలానికి గూగుల్ వంటి శోధన యంత్రాలు ప్రాధాన్యం ఇచ్చేవి.

ఈ సౌకర్యం కొద్దికాలంలోనే దుర్వినియోగమైంది. ఒకే వ్యాసంలోని మాటలను అటూ ఇటూ మార్చి వందల ప్రతులుగా ప్రచురించడం, చదివేవాని కొరకు గాక యంత్రం కొరకు రాయడం అలవాటైంది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అనే మార్పును ప్రవేశపెట్టి, పసలేని వ్యాసాలు గల స్థలాలను ఫలితాలలో వెనుకకు నెట్టింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అనే మార్పు కృత్రిమ లంకెలకు అడ్డుకట్ట వేసింది. దీనితో వ్యాస భాండాగారాల ప్రాభవం తగ్గిపోయింది. 2024 మార్చిలో గూగుల్ తన నియమాలను మరల సవరించి, మనిషి రాసినా, కృత్రిమ మేధ రాసినా, కేవలం ఫలితాలలో పైకి రావడానికి గుట్టలుగా తయారుచేసే రాతలను అక్రమంగా పరిగణిస్తామని ప్రకటించింది.

సామాజిక మాధ్యమాలతో సంబంధం

ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో, ట్విట్టర్ 2006లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో ప్రారంభమయ్యాయి. ట్విట్టర్ పేరు 2023లో ఎక్స్‌గా మారింది. భారతదేశంలో 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత చరవాణిలో అంతర్జాలం చౌకై, పల్లెలకు కూడా విస్తరించింది. దీనితో వ్యాసం చదివే చోటు, దానిని పంచుకునే చోటు వేరయ్యాయి. వ్యాసం ఒక జాలస్థలిలోనో, పత్రికలోనో ఉంటుంది. దానిని గురించిన చర్చ మరొకచోట జరుగుతుంది.

వ్యాసానికీ సామాజిక మాధ్యమాలలోని చిన్న రాతకూ స్వభావంలో భేదం ఉంది. చిన్న రాత ఒకటి రెండు రోజులలో కిందికి జారిపోతుంది. వ్యాసం శోధన ద్వారా సంవత్సరాల తరబడి కొత్త పాఠకులకు దొరుకుతూనే ఉంటుంది. కావున అనుభవజ్ఞులు వ్యాసాన్ని ఊటబావితోను, సామాజిక మాధ్యమాన్ని దాని నుండి పారే కాలువతోను పోల్చదగినవిగా భావించి, రెండింటినీ కలిపి వాడతారు. బావి లేనిదే కాలువలో నీరు ఉండదు. కాలువ లేనిదే నీరు పొలానికి చేరదు.

మరొక ముఖ్య విషయం సొంత స్థలం. 2004లో మొదలైన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. టిక్‌టాక్‌ను భారత ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. ఈ మాధ్యమాలలో మాత్రమే అనుసరించేవారిని సంపాదించుకున్నవారు ఒక్కసారిగా వారిని కోల్పోయారు. తమ వ్యాసాలను వేరొకచోట కూడా భద్రపరచుకున్నవారు మాత్రం వాటి ఆధారంగా మరల పాఠకులను చేరగలిగారు.

తెలుగు వికీపీడియా ఉదాహరణ

వ్యాసం వలన ఒక అంతర్జాల సమూహం పెరిగిన సందర్భానికి తెలుగు వికీపీడియాయే మంచి ఉదాహరణ. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో ఇది మొదలైంది. తొలి సంవత్సరాలలో రాసేవారు చాలా తక్కువ. కంప్యూటరులో తెలుగు టైపు చేయవచ్చునన్న సంగతే పలువురికి తెలియదు. 2006లో ఈనాడు ఆదివారం అనుబంధంలో తెవికీని గురించి వ్యాసం వెలువడిన తరువాత, అచ్చుపత్రిక చదివే పాఠకులలో కొందరు సభ్యులుగా చేరారు. అదే కాలంలో వచ్చిన లేఖిని అనే ఉపకరణం తెలుగు రాయడాన్ని సులభం చేసింది. ప్రస్తుతం తెవికీ లక్షకు పైగా వ్యాసాలు గల విజ్ఞాన సర్వస్వం.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, పాఠకులు అప్పటికే ఉన్న చోటికి వ్యాసం వెళ్ళింది. చేరిన తరువాత చేయడానికి వారికి ఒక పని కూడా దొరికింది. తమ ఊరి గురించి నాలుగు వాక్యాలు రాయవచ్చునన్న ఆహ్వానమే వారిని నిలిపి ఉంచింది. చదివి ఊరుకునేవారి కంటే పాలుపంచుకునేవారే సమూహానికి బలం.

కాళేశ్వరం ఉదాహరణ

జయశంకర్ భూపాలపల్లి జిల్లా, మహాదేవపూర్ మండలంలోని కాళేశ్వరం గోదావరి, ప్రాణహిత నదుల సంగమ స్థలంలో ఉన్న పుణ్యక్షేత్రం. అంతర్వాహినిగా సరస్వతి కూడా ఇక్కడ కలుస్తుందన్న విశ్వాసంతో దీనిని త్రివేణి సంగమం అంటారు. కాళేశ్వర ముక్తేశ్వర స్వామి ఆలయంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు ఉండడం విశేషం. శ్రీశైలం, ద్రాక్షారామంతో కలిపి త్రిలింగ క్షేత్రాలలో ఒకటిగా దీనిని పేర్కొంటారు. ఈ క్షేత్రం వ్యాస ప్రచారం యొక్క మేలును, కీడును కూడా చూపుతుంది.

సమయానికి తగిన వ్యాసం: బృహస్పతి ఒక్కొక్క రాశిలో ప్రవేశించినప్పుడు ఒక్కొక్క నదికి పుష్కరాలు వస్తాయి. కాళేశ్వరంలో మూడు నదుల పుష్కరాలూ జరుగుతాయి. గోదావరికి 2015 జులై 14 నుండి 25 వరకు, ప్రాణహితకు 2022 ఏప్రిల్ 13 నుండి 24 వరకు, సరస్వతికి 2025 మే 15 నుండి 26 వరకు పుష్కరాలు జరిగాయి. గోదావరికి తిరిగి 2027లో రానున్నాయి. పుష్కరాలకు కొన్ని నెలల ముందు నుండే యాత్రికులు దారి, వసతి, స్నానఘట్టాలు, ఆలయ వేళల గురించి వెదకడం ఆరంభిస్తారు. ఆ సమయానికి సరియైన వివరాలతో వ్యాసం సిద్ధంగా ఉన్నచో, దానిని ఒకరి నుండి ఒకరు పంచుకుంటారు. పుష్కరాలు మొదలైన తరువాత హడావిడిగా రాసినది అంతగా ఉపయోగపడదు.

పాతబడిన వ్యాసం: 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగే వరకు కాళేశ్వరం కరీంనగర్ జిల్లాలో ఉండేది. జనగామ, మహబూబాబాద్ జిల్లాలు కూడా ఆ రోజుననే ఏర్పడ్డాయి. అంతకు ముందు రాసి, సవరించకుండా వదిలేసిన వ్యాసాలు పాత జిల్లా పేరుతోనే శోధనలో కనబడతాయి. యాత్రికునికి ఇది చిన్న చిక్కు. సహాయం కొరకు ఏ జిల్లా అధికారులను సంప్రదించాలో వెదికేవానికి మాత్రం పెద్ద చిక్కే.

పేరు మారిన అర్థం: 2016 మే నెలలో కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభోత్సవం జరిగాయి. ఈ పథకాన్ని కీర్తిస్తూ వ్యాసాలు, దృశ్యచిత్రాలు సామాజిక మాధ్యమాలలో విరివిగా ప్రచారమయ్యాయి. 2021 జూన్‌లో డిస్కవరీ ఛానల్ దీనిపై ఒక డాక్యుమెంటరీని ప్రసారం చేసింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడవ బ్లాకులోని పిల్లర్లు కుంగాయి. 2024 మార్చిలో జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ అధ్యక్షతన ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించగా, అది 2025 జులైలో నివేదిక సమర్పించింది. ఆ తరువాత విమర్శ వ్యాసాలు అంతే విరివిగా వచ్చాయి. పొగడ్త రాసినవారు తమ పాత వ్యాసాలలో తేదీని, తరువాత జరిగినదానిని చేర్చకపోయినచో, అవి ఇప్పటికీ తాజా సమాచారంగానే చలామణి అవుతాయి. ఈ రెండు ప్రవాహాల నడుమ సంగమ క్షేత్రమైన కాళేశ్వరం గ్రామం, దాని ఆలయం, మహాదేవపూర్ పరిసరాల టస్సరు పట్టు నేత వంటి విషయాలు వెనుకబడ్డాయి. చాలామంది పాఠకులకు కాళేశ్వరం అంటే ఊరు కాక, ఒక రాజకీయ వివాదం పేరయింది. ఎవరి ఊరి గురించి వారు రాసుకోకపోతే, ఆ ఊరి పేరుకు అర్థాన్ని ఇతరులు నిర్ణయిస్తారు.

అనుసరించే విధానం

విషయ నిర్ణయం: జనులు నిజంగా అడిగే ప్రశ్నకు సమాధానం చెప్పే విషయాన్ని ఎంచుకోవాలి. ఉదాహరణకు జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి నగిషీ పనికి ప్రసిద్ధి. దీనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక కళాకారుడు తన జ్ఞాపికలు కొనమని రోజూ బొమ్మలు పెట్టడం కంటే, ఇత్తడి రేకుపై నగిషీ ఎలా తేలుతుంది, యంత్రంతో అచ్చువేసినదానిని చేతిపని నుండి ఎలా గుర్తించాలి, మసకబారిన వస్తువును ఎలా శుభ్రపరచాలి అనే మూడు వ్యాసాలు రాయడం మేలు. చదివినవాడు కొనకపోయినా, ఆ పేరును గుర్తుంచుకుంటాడు.

శీర్షిక: విషయాన్ని స్పష్టంగా చెప్పాలి. ఇది చదివితే ఆశ్చర్యపోతారు వంటి శీర్షికలు ఒకసారి పాఠకుని రప్పించగలవు గాని, రెండవసారి రప్పించలేవు.

ఒకే మూలం, అనేక తునకలు: పూర్తి వ్యాసాన్ని ఒకచోట ఉంచి, అందులోని ఒక్కొక్క అంశాన్ని ఒక్కొక్క మాధ్యమానికి తగినట్లు అందించాలి. ఒక చిత్రం ఇన్‌స్టాగ్రామ్‌కు, రెండు నిమిషాల దృశ్యం యూట్యూబుకు, నాలుగు వాక్యాల సారాంశం వాట్సాప్ ఛానల్‌కు సరిపోతాయి. అన్నిటి నుండి మూల వ్యాసానికి లంకె ఉండాలి. వ్యాసం చివర రచయిత పేరు, అర్హత, అనుసరించదగిన ఖాతా వివరాలు రెండు వాక్యాలకు మించకుండా ఇవ్వాలి.

లిపి: తెలుగులో రాసేవారు యూనికోడ్‌లోనే రాయాలి. అచ్చుపని కొరకు వాడే అను ఫాంట్లలోని పాఠం, బొమ్మగా మార్చిన పాఠం శోధనకు సరిగా దొరకవు. మహాదేవపూర్, మహదేవ్‌పూర్ వంటి రెండు రూపాలు వాడుకలో ఉన్నప్పుడు, వ్యాసంలో రెండవ రూపాన్ని కూడా ఒకసారి పేర్కొనడం మంచిది.

ఇతరుల వేదికలు: ఇప్పటికే పాఠకులున్న పత్రికలకు, జాలపత్రికలకు వ్యాసం పంపడం వలన కొత్తవారికి పరిచయం కలుగుతుంది. ఒకే వ్యాసాన్ని ఒకేసారి పది పత్రికలకు పంపడం సంపాదకుల విశ్వాసాన్ని పోగొడుతుంది.

సంభాషణ: పాఠకుల ప్రశ్నలకు సమాధానమివ్వడం, తప్పు చూపినవారికి కృతజ్ఞత తెలిపి సవరించడం, సవరించిన తేదీని వేయడం అవసరం.

ఫలితాల అంచనా: అనుసరించేవారి సంఖ్య ఒక్కటే కొలమానం కాదు. ఎంతమంది వ్యాసాన్ని చివరి వరకు చదివారు, ఎంతమంది ఇతరులకు పంపారు, ఎంతమంది తిరిగి వచ్చారు అనేవి ముఖ్యం. డబ్బు పెట్టి కొన్న ఖాతాలు సంఖ్యను పెంచుతాయి గాని చదవవు. అవి ఎక్కువైన కొద్దీ స్పందన శాతం పడిపోయి, ఆ మాధ్యమమే వ్యాసాన్ని తక్కువమందికి చూపుతుంది.

చట్టం, నియమాలు

డబ్బు లేదా ఇతర ప్రతిఫలం పుచ్చుకొని రాసినప్పుడు ఆ సంగతిని పాఠకునికి స్పష్టంగా తెలపాలి. భారత ప్రకటన ప్రమాణాల మండలి సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేసేవారికి 2021లో మార్గదర్శకాలు జారీచేసింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు మార్గదర్శకాలను ప్రకటించింది. అటువంటి ప్రకటనలకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, ఆ తరువాత 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

ఇతరుల రచనలను అనుమతి లేకుండా వాడడం కాపీహక్కుల చట్టం, 1957 ప్రకారం నేరం. వికీపీడియా పాఠాన్ని ఎవరైనా వాడుకోవచ్చు గాని, మూలాన్ని పేర్కొనాలి, అదే లైసెన్సుతో ఇతరులకు కూడా అందించాలి. వికీపీడియాను ప్రచార వేదికగా వాడడం నిషిద్ధం. ప్రతిఫలం తీసుకొని రాసేవారు ఆ విషయాన్ని వెల్లడించాలని 2014 నుండి వికీమీడియా వాడుక నియమాలు నిర్దేశిస్తున్నాయి.

విమర్శ

వ్యాస ప్రచారంపై ప్రధాన విమర్శ అది వార్తకూ ప్రకటనకూ గల భేదాన్ని చెరిపివేస్తుందన్నది. 2009 సాధారణ ఎన్నికల సమయంలో అభ్యర్థుల నుండి డబ్బు తీసుకొని వార్తల రూపంలో ప్రచారం చేశారన్న ఆరోపణలు ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలలో వచ్చాయి. వీటిపై భారత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి సభ్యులు. 2010లో వెలువడిన వారి నివేదిక చెల్లింపు వార్తల సమస్యను దేశం దృష్టికి తెచ్చింది. అదే జాడ్యం ఇప్పుడు సామాజిక మాధ్యమాలకు పాకింది. పత్రికకు సంపాదకుడు, చిరునామా ఉంటాయి. ఎవరు రాసినదో తెలియని వాట్సాప్ వ్యాసానికి జవాబుదారీ ఎవరూ ఉండరు.

రెండవ విమర్శ శ్రమకు సంబంధించినది. నెలల తరబడి ఊరూరా తిరిగి ఒకరు సేకరించిన సమాచారాన్ని వేరొకరు నిమిషంలో తమ ఖాతాలో పెట్టుకొని వేలమందిని సంపాదించడం సర్వసాధారణమైంది. స్థానిక చరిత్ర రాసేవారు దీనివలన నిరుత్సాహపడి రాయడం మానివేస్తే, నష్టపోయేది ఆ ఊరే.

మూడవది అతిశయోక్తి. పాఠకుల కొరకు పోటీపడే క్రమంలో ప్రతి గుడీ వేల ఏళ్ళనాటిది అవుతుంది, ప్రతి కట్టడమూ ప్రపంచంలో మొదటిది అవుతుంది. శాసనం, గ్రంథం, ప్రభుత్వ పత్రం వంటి ఆధారం ఏదో చెప్పకుండా రాసిన ఇటువంటి వాక్యాలు పదిచోట్ల అచ్చయిన తరువాత, ఒకదానికొకటి ఆధారంగా చూపబడతాయి. స్థలపురాణాన్ని స్థలపురాణమని, చరిత్రను చరిత్రయని విడదీసి చెప్పడం ఇందుకు విరుగుడు. భక్తుల విశ్వాసానికి అందువలన లోటేమీ రాదు. పాఠకునికి మాత్రం దేనిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుస్తుంది. అటువంటి వ్యాసానికి పాఠకులు నెమ్మదిగా చేరినా, చేరినవారు ఎక్కువకాలం నిలుస్తారు.